ఎర మార్చాలా, చోటు మారాలా?

1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గొమెరీ లేక్ అనే నీటిపట్టున జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టాడు. మన లెక్కలో పది కిలోలు దాటిన చేప. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప ఆ రికార్డును సమం చేసింది గానీ చెరిపెయ్యలేదు. ఆ రోజున పెర్రీకీ అతని స్నేహితుడికీ కలిపి ఉన్నది ఒకే రాడ్డు, ఒకే ఎర అని చెబుతారు. ఇప్పటి బాస్ వేటగాడి పడవలో డజను రాడ్లు, పెట్టెలకొద్దీ కృత్రిమ ఎరలు ఉంటాయి. గంటసేపు గాలం విసిరినా చేప తగలకపోతే అతన్ని పీడించే ప్రశ్న మాత్రం ఒకటే: ఎర మార్చాలా, చోటు మారాలా? పెర్రీకి ఇందులో సగం బాధ తప్పింది.

ఈ ప్రశ్న మీద అమెరికాలో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. చూడటానికి కాలక్షేపమే గానీ దాని వెనక డబ్బు ఉంది. 1967లో రే స్కాట్ ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్ మీద బాస్ టోర్నమెంటు నడిపాడు. మరుసటి ఏడాది బి.ఏ.ఎస్.ఎస్. సంస్థ పెట్టాడు. అప్పటినుంచి ఇది గడియారం చూసుకుంటూ ఆడే ఆట అయింది. రోజు చివర తూకానికి తెచ్చే చేపల సంఖ్యకు పరిమితి ఉంటుంది, ఇప్పుడది అయిదు. ఎవరి బరువు ఎక్కువైతే వారిదే గెలుపు. ఒక తప్పుడు చోట రెండు గంటలు గడిపినవాడికి ఆ రోజు పోయినట్టే. అందుకని పోటీదారులు తమ అనుభవాన్ని సూత్రాలుగా చెప్పారు, జీవశాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు, సోనార్ కంపెనీలు నీటి అడుగును తెర మీదికి తెచ్చాయి. ఈ జవాబులన్నీ ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచింది ఇది: గాలం వేస్తున్న చోట చేప ఉందనడానికి మన దగ్గర ఎంత సాక్ష్యం ఉందో దాన్నిబట్టే ఈ ప్రశ్న తేలుతుంది. ఎర గురించిన చర్చ ఆ తర్వాతి మాట.

పాతవాళ్లలో ముందు చెప్పుకోవలసింది నార్త్ కెరొలైనాకు చెందిన బక్ పెర్రీని. పై పెర్రీ వేరు, ఈయన వేరు. బాస్ ఎక్కువ సమయం లోతు నీటిలోనే గడుపుతుందనీ, నీటి అడుగున ఉన్న మిట్టలు, పాత నది గట్లు, హఠాత్తుగా లోతు పెరిగే అంచుల వెంబడి కాసేపు మాత్రం పైకి వచ్చి వెళుతుందనీ ఆయన బోధించాడు. కాబట్టి మనిషి తన చేతిలో ఉంచుకోవలసినవి రెండే: ఎర పోయే లోతు, పోయే వేగం. రంగు, ఆకారం ఆయన దృష్టిలో బాగా వెనకబడ్డ సంగతులు. ఆయన తయారుచేసిన స్పూన్‌ప్లగ్ అనే రేకు ఎర చాలా సైజుల్లో వచ్చేది, ఒక్కో సైజు ఒక్కో లోతులో పోయేది. ఒకటి విప్పి ఇంకొకటి కట్టడమంటే ఆయనకు లోతు మార్చడమే. నేటి దుకాణాల్లో ఒకే సైజు, ఒకే ఆకారం, నలభై రంగుల్లో వేలాడుతున్న పాకెట్లను చూస్తే ఈ పెద్దమనిషి మాట ఎంత త్వరగా మరుగున పడిందో తెలుస్తుంది.

తర్వాతి తరంలో రోలండ్ మార్టిన్ ఇంకో అడుగు వేశాడు. బి.ఏ.ఎస్.ఎస్. వారి యాంగ్లర్ ఆఫ్ ది ఇయర్ బిరుదును తొమ్మిదిసార్లు గెలిచిన ఈయన ప్యాటర్న్ పద్ధతికి పేరుపడ్డాడు. ఉదయం ఒక చేప పడిందనుకుందాం. ఎంత లోతులో పడింది, నీడలోనా ఎండలోనా, నాచు అంచునా మొద్దు పక్కనా, ఎర పడుతుండగా కొట్టిందా లాగుతుండగా కొట్టిందా అన్నవన్నీ గుర్తుపెట్టుకుని, సరస్సులో సరిగ్గా అలాంటి చోట్లే వెతుక్కుంటూ వెళ్లడం ఆ పద్ధతి. ఇక్కడ చోటు మారుతుంది, ఎర మారదు. మన ప్రశ్నను రెండు తలుపుల మధ్య ఎంపికగా చూసేవాళ్లు ఈ మూడో దారిని మరిచిపోతారు. చోటు మారడంలోనూ తేడాలున్నాయి మరి. యాభై అడుగులు జరిగి అదే గట్టు వెంట వెళ్లడం ఒకటి, అదే రకం చోటును ఇంకో వాగులో వెతకడం ఒకటి, నాచును వదిలేసి లోతైన రాళ్ల దిబ్బకు పోవడం మరొకటి. మొదటిది చెయ్యవలసిన చోట మూడోది చేసి, పది మైళ్లు ఇంజను మోగించుకుంటూ వెళ్లేవాళ్లే ఎక్కువ.

వేగంగా కదిలే వేటకు మారుపేరు మిషిగన్‌కు చెందిన కెవిన్ వాన్‌డ్యామ్. బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పోటీని 2001, 2005, 2010, 2011లలో గెలిచాడు. క్రాంక్‌బెయిట్, స్పిన్నర్‌బెయిట్ లాంటి వేగంగా లాగే ఎరలతో నీటిని జల్లెడ పట్టడం ఆయన తీరు. ఆయన్ని చూసి కదులుతూనే ఉండాలని పాఠం నేర్చుకున్నవాళ్లు అసలు సంగతి గమనించలేదు. 2010లో అలబామాలోని లే లేక్ మీద గెలిచినప్పుడు ఆయన ప్రధానంగా ఆధారపడింది బీస్‌వాక్స్ క్రీక్ అనే ఒక్క పాయ మీద. 2011లో లూసియానా డెల్టాలో మొత్తం 69 పౌండ్ల 11 ఔన్సులు తూచినప్పుడు కూడా లేక్ కటావాచీ ప్రాంతంలో మొద్దుల మధ్యే తిరిగాడు. చేప ఎక్కడుందో తెలిసేదాకా వేగం, తెలిశాక పట్టుదల. చెయ్యి ఎప్పుడూ వేగంగానే ఆడింది గానీ పడవ ఊరంతా తిరగలేదు.

దీనికి ఎదురుగా ఫినెస్ అనే పద్ధతి ఉంది. సన్నటి దారం, చిన్న ప్లాస్టిక్ పురుగు, డ్రాప్‌షాట్ కట్టు, మెల్లగా కిందికి జారే సెంకో లాంటి ఎరలు. జపాన్ నుంచీ కాలిఫోర్నియా నుంచీ వచ్చిన పోకడ ఇది. తేటనీటి సరస్సుల్లో, బాగా వేటాడేసిన చోట్ల ఇది చేపను పట్టిస్తుందనడంలో సందేహం లేదు. కాకపోతే చేప లేని చోట ఎంత మెల్లగా ఆడించినా ఒకటే. ఫినెస్ నేర్చుకున్న కొత్తవాళ్లు ఒకే మూల గంటలకొద్దీ కూర్చునే జబ్బు తెచ్చుకుంటారు.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. చేపలు చురుగ్గా ఉన్న మంచి చోట సగటున ఇరవై విసుర్లకు ఒక చేప కొడుతుందనుకోండి. అలాంటి మంచి చోటనే, కేవలం అదృష్టం బాగోక, వరసగా 20 విసుర్లు ఖాళీగా పోయే అవకాశం 36 శాతం. 40 విసుర్లు ఖాళీగా పోయే అవకాశం 13 శాతం. 60 అయితే 5 శాతం లోపు. అంటే పది విసుర్లు వేసి పెదవి విరిచి పోయేవాడు మంచి చోట్లను కూడా వదులుకుంటున్నాడు. అరవై తర్వాతా కదలనివాడు సాక్ష్యం చెప్పినా వినడం లేదు.

ఈ లెక్కకు, గాలం వెయ్యకముందే మనకున్న నమ్మకాన్ని కూడా కలపాలి. ఒక కొత్త మూలకు వచ్చి, ఇక్కడ చురుకైన చేప ఉందో లేదో సగం సగం అనుకున్నాం. 20 ఖాళీ విసుర్ల తర్వాత ఆ నమ్మకం సగం నుంచి 26 శాతానికి దిగాలి. 40 తర్వాత 11 శాతానికి. అదే చోట నీటి మీద చిన్న చేపలు చెదరడం చూశాం, నిన్న ఇదే వేళకు రెండు పట్టాం, ఇప్పుడే ఒకటి ఎర వెంట వచ్చి తిరిగి పోయింది అనుకోండి. అప్పుడు మొదటి నమ్మకం 90 శాతం దాకా ఉంటుంది. 20 ఖాళీ విసుర్ల తర్వాత కూడా అది 76 శాతం దగ్గర నిలుస్తుంది. మొదటి వాడు లేచి వెళ్లాలి. రెండోవాడు ఎర మార్చాలి. ఇద్దరికీ ఎదురైన మౌనం ఒకటే, ఇద్దరి నిర్ణయాలూ వేరు. ఇన్ని నిమిషాలు చూసి కదలండి అని చెప్పే సూత్రాల మీద నాకు గురి లేకపోవడానికి కారణం ఇదే. నిమిషాలు అసలు కొలతే కాదు. క్రాంక్‌బెయిట్‌తో నలభై విసుర్లు అరగంటలో పూర్తవుతాయి. అడుగున ఈడ్చే పురుగు ఎరతో గంటన్నర పడుతుంది. వెతికేటప్పుడు వేగమైన ఎర వాడమనడం చేపకు అది ఇష్టమని కాదు, మనకు జవాబు త్వరగా దొరుకుతుందని.

జంతువులు మేత ఎలా వెతుక్కుంటాయన్న దాని మీద 1976లో ఎరిక్ చార్నోవ్ ఒక సిద్ధాంతం ప్రచురించాడు. పండ్ల పొద మీద వాలిన పక్షి ఆ పొద ఖాళీ అయ్యేదాకా ఉండదు. అక్కడ దొరికే వేగం, ఎగిరివెళ్లే సమయాన్ని కూడా కలుపుకుని చుట్టుపక్కల సగటుగా దొరికే వేగానికి పడిపోగానే లేవడం దానికి లాభం. ఇందులోంచి వచ్చే సూటి ఫలితం: తర్వాతి చోటు ఎంత దూరమైతే ఇక్కడ అంత ఎక్కువ సేపు ఉండాలి. ట్రోలింగ్ మోటారుతో పక్క మొద్దుకు జరగడానికి అరనిమిషం చాలు కాబట్టి అక్కడ ఓపిక అక్కర్లేదు. సరస్సు అవతలి ఒడ్డుకు ఇరవై నిమిషాల ప్రయాణం అయితే, బయల్దేరే ముందు ఇక్కడే రెండు ఎరలు, రెండు లోతులు చూసి పోవడం దండగ కాదు. అయితే చార్నోవ్ పక్షికి పొద ఎలాంటిదో కనిపిస్తుంది. మనకు నీళ్లే కనిపిస్తాయి. అందుకే పై లెక్క కూడా కావాలి.

చోటు మారడం వైపు మొగ్గేలా చేసే గట్టి ఆధారం ఇల్లినాయ్ నుంచి వచ్చింది. అక్కడి రిడ్జ్ లేక్‌లో శాస్త్రజ్ఞులు 1970ల్లో మొదలుపెట్టి, పట్టిన ప్రతి బాస్‌కూ గుర్తు వేసి వదిలారు. నాలుగేళ్ల తర్వాత నీరు తోడి చూస్తే 1,700కు పైగా చేపలు దొరికాయి. వాటిలో దాదాపు 200 ఆ కాలమంతా ఒక్కసారి కూడా గాలానికి చిక్కనివి. ఇంకోపక్క ఒకే ఏడాదిలో 16 సార్లు చిక్కిన మహానుభావుడూ ఉన్నాడు. తేలిగ్గా చిక్కేవాటినీ చిక్కనివాటినీ విడివిడిగా పెంచి, తరాలు తరాలుగా పరీక్షించి, ఈ గుణం కొంతవరకు వారసత్వంగా వస్తుందని 2009లో డేవిడ్ ఫిలిప్ బృందం ప్రకటించింది. మన ప్రశ్నకు దీని అర్థం తేలికే. ఒక మూలలో కొట్టే స్వభావమున్న చేపలు మొదటి విసుర్లలోనే కొట్టేస్తాయి. మిగిలినవాటి కోసం పెట్టెలోని ఎరలన్నీ తిప్పడం కన్నా, ఇంకో మూలలో అలాంటి తొందరపాటు చేపలను వెతుక్కోవడం మేలు. అదే సమయంలో, పట్టి వదిలిన బాస్ ఆ తర్వాత జాగ్రత్తపడుతుందని కూడా ప్రయోగాల్లో తేలింది. కాబట్టి నలుగురూ రోజూ వచ్చే చిన్న చెరువులో, పోవడానికి ఇంకో మూల లేనప్పుడు, వాళ్లెవరూ వెయ్యని ఎర వేస్తే ఫలితం ఉంటుంది.

రంగు సంగతికి వద్దాం. ఎర మారుస్తున్నాను అనే పదిమందిలో చాలామంది నిజానికి మార్చేది రంగే. 2019లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు లార్జ్‌మౌత్ బాస్ రంగు చూపును పరీక్షించారు. దాని కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలు, ఒకటి ఎరుపుకు, ఒకటి ఆకుపచ్చకు. ఆ రెండు రంగులను అది చక్కగా గుర్తుపట్టింది. నీలాన్నీ నలుపునూ వేరు చెయ్యలేక తికమకపడింది. మెరిసే పసుపుపచ్చ చార్ట్రూస్‌నూ తెలుపునూ కూడా అంతే. ఈ లెక్కన నల్ల పురుగు తీసేసి నీలి పురుగు కట్టడం మన తృప్తికే. బురదనీటిలో ముదురు రంగు, తేటనీటిలో సహజమైన రంగు అనే మోటు విభజన చాలు. నిజంగా ఎర మార్చడమంటే చేపకు తెలిసేది మార్చడం: పైన తేలేది తీసి అడుగున పోయేది కట్టడం, గలగలలాడేది తీసి నిశ్శబ్దంగా జారేది కట్టడం, ఆరంగుళాలది తీసి మూడంగుళాలది కట్టడం. దాని కన్నా ముందు, ఉన్న ఎరనే ఆపి ఆపి లాగి చూడటం. దానికి ముడి విప్పే పని కూడా లేదు.

చేప ఇచ్చే సంకేతాలు ఇక్కడే పనికొస్తాయి. వెంట వచ్చి తిరిగిపోయిందంటే లోతు సరిపోయింది, చోటు సరిపోయింది, వేగమో సైజో కుదరలేదు. పైన తేలే ఎరను కొట్టి తప్పిపోతే, అదే చోట వెంటనే మెత్తటి ప్లాస్టిక్ ఎర వెయ్యడం అనుభవజ్ఞులందరూ చేసే పని. అందుకే వాళ్ల పడవలో రెండో రాడ్డు కట్టి సిద్ధంగా ఉంటుంది. తోక మాత్రమే కొరికి వదిలితే ఎరను చిన్నది చెయ్యాలి. ఈ మూడు సందర్భాల్లోనూ లేచి వెళ్లడం తెలివితక్కువ.

రుతువు ఈ తూకాన్ని అటూ ఇటూ వంచుతుంది. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక వసంతంలో బాస్ లోతులేని చోట గూడు చేసి, మగచేప కాపలా కాస్తుంది. చేప ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది కనుక చోటు ప్రశ్న లేదు, ఎరతో విసిగించడమే. ఆ కాలంలో గూటి మీది చేపను పట్టవచ్చా అన్నది వేరే వివాదం. పట్టినా వెంటనే వదిలెయ్యకపోతే గుడ్లను బ్లూగిల్ చేపలు తినేస్తాయి. శరదృతువులో బాస్ షాడ్ అనే చిన్న చేపల గుంపుల వెంట పాయల్లోకి పోతూ చెదిరిపోతుంది. అప్పుడు కాళ్లకు పని చెప్పాలి. చలికాలంలో నీరు 50 డిగ్రీల కిందికి దిగితే చేపలు గుంపుగా, మందకొడిగా ఉంటాయి. ఒక చోట దొరికిందంటే అక్కడే, మెల్లగా. నడివేసవిలో లోతైన సరస్సుల్లో నీరు పొరలుగా విడిపోయి, అడుగుపొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ పొరలో ఎంత గొప్ప ఎర ఆడించినా చేప ఉండదు.

వాతావరణ పీడనం గురించి చాలా కబుర్లున్నాయి. బారోమీటరు చూసి చోటు మార్చేవాళ్లను నేను నమ్మను. గట్టి తుపాను వచ్చినప్పుడు పీడనం 20 హెక్టోపాస్కల్స్ మారిందనుకుంటే, అది 20 సెంటీమీటర్ల నీటిమట్టం తేడాతో సమానం. చేప జానెడు పైకీ కిందికీ ఈదితే రోజూ అనుభవించేదే. వెలుగు, గాలి, నీటి వేడి మారడమే అసలు కారణం కావచ్చు. చలిగాలి దాటాక ఎండ తేటగా కాసినప్పుడు బాస్ నాచులోకి, మొద్దుల కిందికి నక్కుతుందని మాత్రం వేటగాళ్లంతా ఒప్పుకుంటారు. అప్పుడు చోటు మారనక్కర్లేదు, ఎరను ఇంకా లోపలికి దూర్చాలి.

టెనెసీ నది మీది ఆనకట్టల సరస్సులు ఇంకో సంగతి నేర్పుతాయి. గంటర్స్‌విల్, పిక్‌విక్, కెంటకీ సరస్సుల్లో టెనెసీ వ్యాలీ అథారిటీ కరెంటు ఉత్పత్తికి నీరు వదిలినప్పుడు ప్రవాహం వస్తుంది. పాత నది అంచుల మీద బాస్ వరసగా నిలబడి, కొట్టుకొచ్చే షాడ్‌ను అందుకుంటుంది. టర్బైన్లు ఆపగానే అదే అంచు ప్రాణం లేని చోటులా ఉంటుంది. అక్కడ సరైన జవాబు ఎర మార్చడమూ కాదు, చోటు వదిలెయ్యడమూ కాదు, రెండు గంటలు ఆగి మళ్లీ రావడం. నీటి విడుదల వేళలను ఆ సంస్థే ప్రకటిస్తుంది కూడా.

2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ సోనార్ వచ్చాక ప్రశ్న రూపమే మారింది. పడవ ముందు చేప కదలడం, ఎర వైపు తిరగడం, ముఖం తిప్పుకోవడం తెర మీద అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఉందా లేదా అన్న సందేహం పోయి, ఎందుకు ముట్టడం లేదన్న సందేహం మిగిలింది. ఇది ఆటను పాడుచేస్తోందని ఒక వర్గం, కళ్లు తెరిపించిందని ఇంకో వర్గం. 2025లో మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్ల బాస్ ప్రో టూర్‌లో రోజుకున్న మూడు పీరియడ్లలో ఒక్కదానిలోనే దీన్ని అనుమతించారు. నా మట్టుకు అది మంచి నియమమే. చోటు కనిపెట్టడంలోనే ఈ విద్య సగం ఉంది, ఆ సగాన్ని యంత్రానికి పూర్తిగా అప్పగిస్తే పోటీ చూడబుద్ధి కాదు.

మన దగ్గర తామరాకుల మధ్య రబ్బరు కప్ప ఎరతో కొర్రమీను పట్టేవాళ్లకు ఈ తగువు కొంత తక్కువ. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. నీటి మీద బుడగ లేచిందంటే చేప తన చిరునామా తానే చెప్పినట్టు. బాస్ అలా చెప్పదు.

ఇదంతా పడవ ఉన్నవాళ్ల మాట అనిపించవచ్చు. డాలస్, అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల శనివారాల్లో గట్టు మీద నిలబడే తెలుగు కుర్రాళ్లకు పడవ లేదు, సోనార్ లేదు. కాళ్లున్నాయి. పడవవాడు చెయ్యనంత శ్రద్ధగా గట్టుకు రెండు గజాల దూరంలోని నీటిని వాళ్లు వెతకగలరు. తమ నీడ నీటి మీద పడకుండా, గట్టుకు సమాంతరంగా ఎర వేస్తూ నడవడం వాళ్లకు ఉచితంగా వచ్చే చోటు మార్పు. నిలబడ్డ చోటనే ఎరల పెట్టె తెరిచి కూర్చుంటే ఆ ఒక్క లాభమూ పోతుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. అక్కడ 17 ఏళ్లు నిండినవారికి ఫిషింగ్ లైసెన్స్ కావాలి. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి వేటాడితే అక్కర్లేదు. లార్జ్‌మౌత్ బాస్‌ను మామూలుగా 14 అంగుళాల పైబడి ఉంటేనే, రోజుకు అయిదు దాకా ఉంచుకోవచ్చు. లేక్ ఫోర్క్ లాంటి చోట నియమాలు వేరు, వెళ్లేముందు చదువుకోండి. ఈసారి వెళ్లేటప్పుడు పెట్టె ఇంట్లో వదిలి రెండే ఎరలు జేబులో వేసుకోండి, వేగంగా లాగేది ఒకటి, మెల్లగా జారేది ఒకటి. మొదటి గంట నడవండి. చేప తగిలిన చోట రెండోది కట్టండి.